సోర్స్ అందరికీ ఉంది, బైనరీ ఎవరివ్వాలి?

2025 అక్టోబరులో మిన్ఐఓ అనే స్టోరేజ్ సర్వర్‌ను తయారుచేసే కంపెనీ తన కమ్యూనిటీ ఎడిషన్‌కు డాకర్ (ప్రోగ్రామ్‌లను కంటైనర్లుగా నడిపే సాధనం) ఇమేజ్‌లు, రెడీమేడ్ బైనరీలు ఇవ్వడం ఆపేసింది. ఇకపై సోర్స్ మాత్రమే ఇస్తాం, కావలసినవాళ్లు దాని నుంచి నడిచే ఫైల్‌ను బిల్డ్ చేసుకోండి అంది. అంతకు రెండు నెలల ముందు, బ్రాడ్‌కామ్ చేతిలో ఉన్న బిట్నామీ కూడా ఏళ్ల తరబడి ఉచితంగా ఇస్తూ వచ్చిన కంటైనర్ ఇమేజ్‌లలో చాలావాటిని 'లెగసీ' పేరున్న వేరే రిపాజిటరీకి తరలించి, వాటికి ఇక అప్‌డేట్లు ఉండవని చెప్పింది. అప్పటి నుంచి ఒకే వాదన నడుస్తోంది. "ఓపెన్ సోర్స్ అని చెప్పుకుని బైనరీ ఇవ్వకపోవడమేమిటి?" అని కొందరంటే, "సోర్స్ ఇచ్చారుగా, ఇంకా ఏం బాకీ?" అని మరికొందరు.

రెండు వైపులా న్యాయం ఉంది. కాకపోతే ఇద్దరూ బైనరీని ఒక ఫైల్‌గా చూస్తున్నారు. డౌన్‌లోడ్ పేజీలో కనబడేది ఫైలే. దాని వెనుక ఉన్నది మాత్రం ఆగకుండా నడవాల్సిన పని. ఆ పని ఏమిటో తెలిస్తే, ఈ వాదనలో ఎవరు ఏం అడుగుతున్నారో స్పష్టంగా కనబడుతుంది.

సోర్స్, బైనరీ, ప్యాకేజీ, ఇమేజ్: ఏది ఏమిటి

ప్రోగ్రామర్ రాసేది సోర్స్ కోడ్. సీ, గో, రస్ట్ లాంటి భాషల్లో రాసినదాన్ని ప్రాసెసర్ నేరుగా నడపలేదు. కంపైలర్ దాన్ని ప్రాసెసర్ సూచనలుగా మారుస్తుంది. అలా వచ్చిన ఫైలే బైనరీ. దానికి కాన్ఫిగరేషన్ ఫైళ్లు, సర్వీస్‌గా మొదలుపెట్టే వివరాలు, "నాకు ఫలానా లైబ్రరీలు కావాలి" అనే జాబితా కలిపితే ప్యాకేజీ అవుతుంది. డెబియన్, ఉబుంటు అనే లినక్స్ డిస్ట్రిబ్యూషన్లలో (పొట్టిగా డిస్ట్రోలలో) వాడే డెబ్, రెడ్‌హ్యాట్ కుటుంబంలో వాడే ఆర్‌పీఎం ఇలాంటివే. బైనరీతో పాటు అది నడవడానికి కావలసిన లైబ్రరీలన్నీ, ఒక చిన్న ఆపరేటింగ్ సిస్టమ్ ఫైళ్లతో సహా, ఒకే మూటగా ఇస్తే అది కంటైనర్ ఇమేజ్. ఇమేజ్‌లో లేనిది కెర్నల్ ఒక్కటే. అది నడిపే యంత్రానిది.

ఇంకో మాట ముందే చెప్పుకోవాలి. సోర్స్ ఒకటే అయినా బైనరీలు ఎన్నో రకాలుగా వస్తాయి. ఏ కంపైలర్, ఏ ఆప్షన్లు, ఏ లైబ్రరీ వెర్షన్, ఏ ప్యాచ్‌లు అనేదాన్ని బట్టి ఒకే వెర్షన్ నంబర్‌తో భిన్నంగా ప్రవర్తించే బైనరీలు తయారవుతాయి. చాలా చిక్కులు ఇక్కడే మొదలవుతాయి.

ఒక్క బైనరీ ఎందుకు సరిపోదు

మొదటి అడ్డంకి ప్రాసెసర్. ఇంటెల్, ఏఎండీ సర్వర్లకు ఎక్స్86-64 బైనరీ కావాలి, ఆర్మ్ సర్వర్లకు ఆర్మ్64. అక్కడితో అయిపోదు, ఒకే కుటుంబంలోనూ తరాలున్నాయి. 2021లో వచ్చిన మాంగోడీబీ 5.0 అనే డేటాబేస్ రెడీమేడ్ బైనరీలు ఎక్స్86 మీద ఏవీఎక్స్ అనే అదనపు సూచనలు, ఆర్మ్ మీద 8.2 తరం ప్రాసెసర్ ఉండాల్సిందే అన్నాయి. (2018లో లైసెన్స్ మారినప్పటి నుంచి మాంగోడీబీని ఓపెన్ సోర్స్ ఇనీషియేటివ్ నిర్వచనం ప్రకారం ఓపెన్ సోర్స్ అనలేం. బైనరీ సమస్యకు మాత్రం ఇది మంచి ఉదాహరణ.) పాత ప్రాసెసర్ మీద, రాస్ప్‌బెరీ పై 4 మీద అది మొదలవగానే 'ఇల్లీగల్ ఇన్‌స్ట్రక్షన్' అని పడిపోతుంది. డిస్ట్రిబ్యూషన్లదీ ఇదే దారి. రెడ్‌హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 9 ఎక్స్86-64లో రెండో స్థాయిని కనీస అర్హతగా పెట్టింది, 10 మూడో స్థాయికి వెళ్లింది. రెడ్‌హ్యాట్‌కు అనుకూలంగా ఉండే ఉచిత డిస్ట్రో ఆల్మాలినక్స్ 10 పాత యంత్రాల కోసం రెండో స్థాయి బిల్డ్‌ను విడిగా ఇస్తోంది. అంటే ఇంకో వరుస ప్యాకేజీలు, ఇంకో వరుస పరీక్షలు.

రెండో అడ్డంకి సీ లైబ్రరీ. లినక్స్‌లో దాదాపు ప్రతి ప్రోగ్రామూ ఫైల్ తెరవాలన్నా, నెట్‌వర్క్‌తో మాట్లాడాలన్నా దీని మీద ఆధారపడుతుంది. ఎక్కువ డిస్ట్రోలు జీలిబ్‌సీని వాడతాయి. ఇది పాత బైనరీలను కొత్త సిస్టమ్‌ మీద నడవనిస్తుంది, కొత్త బైనరీలను పాత సిస్టమ్‌ మీద మాత్రం నడవనివ్వదు.

ఉదాహరణ చూద్దాం. ఉబుంటు 22.04లో ఉన్నది జీలిబ్‌సీ 2.35. డెబియన్ 11లో ఉన్నది 2.31. ఒక డెవలపర్ తన ఉబుంటు 22.04 మీద సీ సర్వర్‌ను కంపైల్ చేసి, ఆ ఫైల్‌ను డెబియన్ 11 వాడుతున్న స్నేహితుడికి ఇచ్చాడనుకుందాం. నడపగానే 'జీలిబ్‌సీ 2.34 దొరకలేదు' అన్న ఎర్రర్ వస్తుంది. డెవలపర్ దగ్గర ఉన్నది 2.35 కదా, 2.34 ఎక్కడి నుంచి వచ్చింది? 2021 ఆగస్టులో వచ్చిన 2.34లో, అంతకుముందు విడిగా ఉండే థ్రెడ్ లైబ్రరీని ప్రధాన లైబ్రరీలో కలిపేశారు. ప్రోగ్రామ్‌ను మొదలుపెట్టే ఫంక్షన్‌కు కూడా అప్పుడే కొత్త వెర్షన్ ముద్ర పడింది. కాబట్టి ఆ గీత దాటిన సిస్టమ్ మీద మామూలుగా కంపైల్ చేసిన ప్రోగ్రామ్, లోపల ఏమీ చేయని ఖాళీ ప్రోగ్రామ్ అయినా సరే, పాత సిస్టమ్ మీద మొదలవదు. ఆ స్నేహితుడి దగ్గర తప్పేమీ లేదు, డెవలపర్ కోడ్‌లోనూ తప్పు లేదు.

అందుకే బైనరీలు పంచేవాళ్లు కావాలనే పాత సిస్టమ్‌ను పెట్టుకుని దాని మీద బిల్డ్ చేస్తారు. పైథాన్ లోకంలో ఇదే 'మెనీలినక్స్' అనే ప్రమాణమైంది. 2016లో వచ్చిన మొదటి మెనీలినక్స్‌కు ఆధారం అప్పటికే ముసలిదైన సెంటాస్ 5. ఎంత పాతదాన్ని పట్టుకుని ఉండాలి అనేది ఎప్పుడూ తెగని పంచాయితీయే. పాతదాని మీద కొత్త కంపైలర్ సులభంగా దొరకదు, దానికి భద్రతా సవరణలు ఆగిపోతాయి. వదిలేస్తే వాడుకరులు వీధిన పడతారు. 2022లో నోడ్‌జేఎస్ 18 బైనరీలు జీలిబ్‌సీ 2.28 అడగడంతో, 2.17 ఉన్న సెంటాస్ 7 మీద ఉన్నవాళ్లందరికీ అది ఎదురైంది. సెంటాస్ 7 గడువు తీరింది మాత్రం 2024 జూన్ 30న.

జీలిబ్‌సీ గొడవ లేకుండా ఆల్పైన్ లినక్స్‌లో ఉండే మజిల్ అనే సీ లైబ్రరీతో బిల్డ్ చేస్తే? చిన్న ఇమేజ్‌లు వస్తాయి, చాలామందికి బాగానే పనిచేస్తుంది. అక్కడా తేడాలున్నాయి. 2023లో 1.2.4 వెర్షన్ వచ్చేదాకా మజిల్‌కు డీఎన్ఎస్ (పేరును బట్టి అడ్రస్ చెప్పే సేవ) జవాబు పెద్దదైతే టీసీపీకి మారి మళ్లీ అడగడం రాదు. డెబియన్ ఇమేజ్‌లో బాగా పనిచేసే సర్వర్ ఆల్పైన్ ఇమేజ్‌లో కొన్ని పేర్లను కనుక్కోలేకపోతే, తప్పు ఎక్కడుందో పట్టుకోవడానికి ఎంత టెన్షన్ పడాలో ఆ పని చేసినవాళ్లకు తెలుసు.

మెమరీ పేజీ పరిమాణం ఇంకో మూల. జెమాలాక్ అనే మెమరీ లైబ్రరీని కలుపుకుని, 4 కేబీ పేజీలనుకుని కట్టిన ఆర్మ్ బైనరీని 16 కేబీ పేజీల కెర్నల్ మీద పెడితే నడవదు. రాస్ప్‌బెరీ పై 5 కెర్నల్ మామూలుగా వచ్చేది 16 కేబీతోనే.

ఇప్పుడు లెక్క వేద్దాం. సీలో రాసిన ఒక ఊహా సర్వర్. మూడు డిస్ట్రిబ్యూషన్లు, ఒక్కోదానిలో ఇంకా మద్దతున్న రెండు వెర్షన్లు, రెండు ఆర్కిటెక్చర్లు: 12 ప్యాకేజీలు. డెబియన్ ఆధారంగా ఒక ఇమేజ్, ఆల్పైన్ ఆధారంగా ఒకటి, రెండు ఆర్కిటెక్చర్లకు: ఇంకో 4. మొత్తం 16. ప్రాజెక్ట్ మూడు వెర్షన్ల శాఖలను ఒకేసారి నిర్వహిస్తుంటే, ఒక భద్రతా లోపం బయటపడిన రోజున 48 బిల్డ్‌లు తయారవ్వాలి, పరీక్ష పాసవ్వాలి, సంతకం పడాలి, ఒకేసారి బయటికి రావాలి. కోడ్‌లో మారింది మాత్రం రెండు వరుసలే కావచ్చు.

లైబ్రరీలు లోపల పెట్టాలా, బయట వదలాలా

సర్వర్ సాఫ్ట్‌వేర్ ఒంటరిగా ఉండదు. ఎన్‌క్రిప్షన్‌కు ఓపెన్ఎస్ఎస్ఎల్, కంప్రెషన్‌కు ఇంకోటి, ఇలా పక్క లైబ్రరీలు కావాలి. వాటిని బైనరీలోనే కలిపేస్తే స్టాటిక్ లింకింగ్. సిస్టమ్‌లో ఉన్నవాటిని నడిచేటప్పుడు అందుకుంటే డైనమిక్ లింకింగ్.

2014 ఏప్రిల్‌లో ఓపెన్ఎస్ఎస్ఎల్‌లో హార్ట్‌బ్లీడ్ లోపం బయటపడినప్పుడు ఈ తేడా అందరికీ తెలిసొచ్చింది. డైనమిక్‌గా లింక్ అయిన సర్వర్లున్నచోట డిస్ట్రో ఒక్క లైబ్రరీ ప్యాకేజీని మార్చింది. అడ్మిన్ దాన్ని అప్‌డేట్ చేసి సర్వీసులు రీస్టార్ట్ చేస్తే ఆ రంధ్రం మూసుకుంది (కీలు మార్చుకోవడం వేరే పని). ఓపెన్ఎస్ఎస్ఎల్‌ను లోపల కలుపుకున్న బైనరీలకు ఆ దారి లేదు. ఒక్కోదాన్నీ దాని తయారీదారు మళ్లీ బిల్డ్ చేయాలి, ఆ కొత్త ఫైల్‌ను వాడుకరి మళ్లీ తెచ్చుకోవాలి. తయారీదారు పట్టించుకోకపోతే లోపం అందులో అలాగే ఉంటుంది, పైకి కనబడదు కూడా.

అయినా స్టాటిక్ వైపు మొగ్గు పెరుగుతోంది, దానికి గట్టి కారణాలున్నాయి. గోలో రాసిన సర్వర్‌ను ఒక్క ఫైల్‌గా ఇవ్వొచ్చు, జీలిబ్‌సీ తగాదా ఉండదు, డెవలపర్ పరీక్షించినదే వాడుకరి దగ్గర నడుస్తుంది. "నా మెషీన్ మీద పనిచేస్తోంది" అనే మాటకు ఇదే మందు. బదులుగా బాధ్యత పూర్తిగా బిల్డ్ చేసినవారి మీద పడుతుంది. గో స్టాండర్డ్ లైబ్రరీలో లోపం దొరికితే, సర్వర్ కోడ్‌లో ఒక్క అక్షరం మారకపోయినా, దానితో కట్టిన బైనరీలన్నీ మళ్లీ కట్టాలి. చాలా ప్రాజెక్టుల విడుదల జాబితాల్లో 'గో వెర్షన్ పెంచాం' అని తప్ప ఇంకేమీ లేని విడుదలలు ఉండేది అందుకే.

ఈ విషయంలో కంటైనర్ ఇమేజ్ కూడా స్టాటిక్ బైనరీ లాంటిదే. లోపల లైబ్రరీ డైనమిక్‌గానే ఉండొచ్చు, అయినా ఆ కాపీ ఇమేజ్‌లో గడ్డకట్టి ఉంటుంది. హోస్ట్‌ను ఎంత అప్‌డేట్ చేసినా ఇమేజ్ లోపలిది మారదు.

వెర్షన్ అదే, బైనరీ వేరు: పోస్ట్‌గ్రెస్ ఇండెక్స్‌ల సంగతి

ఇంతవరకు చెప్పినవన్నీ ఎర్రర్ చూపించి ఆగిపోయే సమస్యలు. నన్ను ఎక్కువ భయపెట్టేది ఎర్రర్ లేకుండా డేటాను పాడుచేసే రకం. పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ దానికి అసలైన ఉదాహరణ.

పోస్ట్‌గ్రెస్ అక్షరాలను క్రమంలో పేర్చడానికి చాలాకాలంగా సిస్టమ్‌లోని సీ లైబ్రరీ నియమాల మీదే ఆధారపడుతోంది. 2018 ఆగస్టులో వచ్చిన జీలిబ్‌సీ 2.28 ఆ నియమాలను పెద్దఎత్తున మార్చింది. అమెరికన్ ఇంగ్లిష్ లొకేల్‌లో పాత నియమం ప్రకారం '11' ముందు, '1-1' తర్వాత. కొత్త నియమంలో '1-1' ముందు, '11' తర్వాత.

ఒక టేబుల్‌లో వస్తువుల కోడ్‌లున్నాయి, ఒకే కోడ్ రెండుసార్లు రాకూడదని యూనిక్ ఇండెక్స్ పెట్టారు అనుకుందాం. ఇండెక్స్ అంటే క్రమంలో పేర్చిన పేజీల చెట్టు. పాత సిస్టమ్‌లో ఎడమ పేజీ '11'తో ముగిసింది, కుడి పేజీ '1-1'తో మొదలైంది. ఇప్పుడు అదే పోస్ట్‌గ్రెస్ వెర్షన్‌ను, డెబియన్ 9కి (జీలిబ్‌సీ 2.24) బదులు డెబియన్ 10 (2.28) ఆధారంగా కట్టిన ఇమేజ్‌తో, అదే డేటా డైరెక్టరీ మీద లేపారు. సర్వర్ హాయిగా మొదలవుతుంది. ఎవరో '11' కోసం వెతుకుతారు. సరిహద్దులో ఉన్నది '1-1'. కొత్త నియమం ప్రకారం '11' దాని తర్వాత రావాలి కాబట్టి వెతుకులాట కుడి పేజీకి వెళుతుంది. అది ఉన్నది ఎడమ పేజీలో. 'లేదు' అని జవాబు వస్తుంది. లేదన్నారు కదా అని అప్లికేషన్ ఇంకో '11' చేర్చబోతే, యూనిక్ తనిఖీ కూడా అదే తప్పు పేజీని చూసి సరే అంటుంది. ఇప్పుడు టేబుల్‌లో రెండు '11'లు. తర్వాత ఎప్పుడో ఇండెక్స్‌ను మళ్లీ కట్టబోతే, అది డూప్లికేట్ల మీద పడి ఆగిపోతుంది. అప్పటికి నెలలు గడిచి ఉండొచ్చు.

డెబియన్ ఇమేజ్ నుంచి ఆల్పైన్ ఇమేజ్‌కు మారినా ఇదే ప్రమాదం, ఎందుకంటే మజిల్ క్రమం వేరు. పోస్ట్‌గ్రెస్ డెవలపర్లు దీన్ని తేలిగ్గా తీసుకోలేదు. 15వ వెర్షన్ నుంచి డేటాబేస్ ఏ కొలేషన్ (అక్షరక్రమ నియమాల) వెర్షన్‌తో తయారైందో గుర్తుపెట్టుకుని, తేడా వస్తే హెచ్చరిస్తోంది. 2024లో వచ్చిన 17లో సిస్టమ్ లైబ్రరీతో పనిలేని సొంత కొలేషన్ సదుపాయం చేర్చారు. సోర్స్‌లో ఏ తప్పూ లేకుండా, కేవలం బైనరీ కింద ఉన్న పునాది మారినందుకే ఇన్నేళ్ల శ్రమ పట్టింది.

లైసెన్స్ ఏం అడుగుతుంది, ఏం అడగదు

ఓపెన్ సోర్స్ లైసెన్స్‌లలో ఏదీ "నువ్వు బైనరీ ఇచ్చి తీరాలి" అనదు. అడిగేది తిరుగు దిశలో. జీపీఎల్ అనే లైసెన్స్ కింద ఉన్న ప్రోగ్రామ్ బైనరీని ఎవరికైనా ఇస్తే, సరిగ్గా ఆ బైనరీకి సరిపోయే సోర్స్‌నూ, బిల్డ్ స్క్రిప్ట్‌లతో సహా, అందుబాటులో ఉంచాలి. జీపీఎల్ రెండో వెర్షన్‌లో దీనికి ఒక మార్గం, అడిగినవారికి సోర్స్ ఇస్తామని మూడేళ్లు చెల్లే రాతపూర్వక హామీ. ఎంఐటీ, అపాచీ లాంటివి సోర్స్ ఇవ్వమని కూడా అడగవు, కాపీరైట్, లైసెన్స్ నోటీసులు ఉంచితే దాదాపు చాలు.

మిన్ఐఓ ఉన్నది ఏజీపీఎల్ కింద, అంటే నెట్‌వర్క్ వాడుకకు కూడా వర్తించే జీపీఎల్ రూపం కింద. ఒక సంస్థ దాని సోర్స్‌ను ఏమీ మార్చకుండా బిల్డ్ చేసి తన సర్వర్ల మీద నడుపుకుంటే కొత్త బాధ్యత రాదు. కోడ్ మార్చి, నెట్‌వర్క్ ద్వారా ఇతరులు దాన్ని వాడేలా పెడితే, ఆ వాడుకరులకు మార్చిన సోర్స్ ఇవ్వాలి. అదే సంస్థ మంచి మనసుతో తన ఇమేజ్‌ను అందరికీ పబ్లిక్‌గా పెడితే? అప్పుడు అది పంపిణీదారు అవుతుంది. మిన్ఐఓ సోర్స్ ఒక్కటే కాదు, ఆ ఇమేజ్ అడుగున ఉన్న బిజీబాక్స్ లాంటి జీపీఎల్ ముక్కల సోర్స్ బాధ్యత కూడా దాని మీదే. ఇమేజ్‌లు పంచేవాళ్లలో ఈ రెండో సగాన్ని గుర్తుపెట్టుకునేవాళ్లు తక్కువ.

సోర్స్ ఒక లైసెన్స్, బైనరీ ఇంకో లైసెన్స్ కావడం కూడా కొత్త కాదు. 2019 ఏప్రిల్‌లో సర్వర్ల నిర్వహణ సాధనాలు చేసే షెఫ్ కంపెనీ తన కోడ్ అంతా అపాచీ 2.0 కింద పెట్టి, తను బిల్డ్ చేసిన బైనరీలను మాత్రం వాణిజ్య ఒప్పందం కిందికి తెచ్చింది. కోడ్ స్వేచ్ఛగా ఉంది కాబట్టి బయటివాళ్లు దాన్ని బిల్డ్ చేసి 'సింక్' పేరుతో ఉచితంగా ఇచ్చారు. పేరు ఎందుకు మార్చారంటే, కోడ్ లైసెన్స్ ట్రేడ్‌మార్క్ హక్కు ఇవ్వదు. ఇదే కారణంతో డెబియన్‌లో ఫైర్‌ఫాక్స్ 2006 నుంచి పదేళ్లు ఐస్‌వీజిల్ పేరుతో ఉంది.

అన్నిటికంటే సున్నితమైనది 2023 జూన్ నాటి రెడ్‌హ్యాట్ నిర్ణయం. తమ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ సోర్స్‌ను ఇక అందరికీ పెట్టమని, బహిరంగంగా ఉండేది సెంటాస్ స్ట్రీమ్ మాత్రమేనని, కస్టమర్లకు సోర్స్ వారి ఖాతా ద్వారా అందుతుందని చెప్పింది. బైనరీ పొందినవారికే సోర్స్ ఇవ్వాలని జీపీఎల్ అంటుంది, మేం ఇస్తున్నాం అనేది కంపెనీ వాదన. ఆ సోర్స్‌ను తిరిగి పంచిన కస్టమర్‌తో ఒప్పందం తెంచుకునే వీలుంటే, లైసెన్స్ ఇచ్చిన హక్కు కాగితం మీదే మిగులుతుందని సాఫ్ట్‌వేర్ ఫ్రీడమ్ కన్సర్వెన్సీ లాంటి సంస్థల అభ్యంతరం. ఆ తర్వాత ఆల్మాలినక్స్ అచ్చంగా అదే బైనరీ ఇవ్వాలన్న లక్ష్యాన్ని వదిలి, అప్లికేషన్లు మార్పు లేకుండా నడిచే అనుకూలత చాలనుకుంది. రాకీ లినక్స్ పాత లక్ష్యంతోనే కొనసాగింది. అక్షరం ప్రకారం చూస్తే కంపెనీ వాదన నిలబడుతుంది. పంచుకునే స్వేచ్ఛ కోసం రాసిన లైసెన్స్ కింద, పంచుకోవడానికి భయపడే కస్టమర్ ఉండటం మాత్రం నాకు సమ్మతం కాదు.

డౌన్‌లోడ్ చేసిన ఫైల్ ఆ సోర్స్ నుంచే వచ్చిందా

సోర్స్‌ను ఎవరైనా చదవొచ్చు అన్న ధైర్యం, బైనరీ ఆ సోర్స్ నుంచే వచ్చిందని తెలిసినప్పుడే పనికొస్తుంది. ఇందులో మూడు వేర్వేరు ప్రశ్నలున్నాయి, వాటిని కలిపేయడం వల్లే గందరగోళం.

ఒకటి: ఫైల్ దారిలో మారిందా? చెక్‌సమ్ (ఫైల్ నుంచి లెక్కకట్టే, వేలిముద్ర లాంటి హ్యాష్ సంఖ్య) దీనికి జవాబిస్తుంది, అది ఫైల్ ఉన్నచోటే కాకుండా వేరేచోట కూడా ఉంటే. 2021లో కోడ్‌కవ్ వారి అప్‌లోడ్ స్క్రిప్ట్‌ను చొరబాటుదారులు మార్చిన సంగతి బయటపడింది అలాగే. దించుకున్న ఫైల్ హ్యాష్, గిట్‌హబ్‌లో ఉన్న హ్యాష్‌తో సరిపోవడం లేదని ఒక కస్టమర్ గమనించాడు.

రెండు: పంపింది అసలైనవారేనా? డిజిటల్ సంతకం దీనికి. 2011 జులైలో వీఎస్ఎఫ్‌టీపీడీ అనే ఎఫ్‌టీపీ సర్వర్ 2.3.4 ఫైల్‌ను దాని సొంత డౌన్‌లోడ్ సైట్‌లోనే మార్చేశారు. యూజర్‌నేమ్‌లో నవ్వు ముఖం గుర్తు పెట్టి లాగిన్ అయితే దొడ్డిదారి తెరుచుకునేది. సంతకం సరిచూసినవాళ్లకు మాత్రం అది సరిపోయేది కాదు.

మూడు: అసలైనవారే ఇచ్చినా, ఈ బైనరీ ఆ సోర్స్‌దేనా? సంతకం దీనికి జవాబు చెప్పలేదు. కంపైలరే మోసం చేస్తే సోర్స్ చదివి లాభం లేదని కెన్ థాంప్సన్ 1984లోనే ట్యూరింగ్ అవార్డ్ ప్రసంగంలో చూపించాడు. దీనికి వచ్చిన సమాధానం రీప్రొడ్యూసిబుల్ బిల్డ్‌లు: ఒకే సోర్స్‌ను ఇద్దరు వేర్వేరు చోట్ల బిల్డ్ చేస్తే బిట్ తేడా లేకుండా ఒకే ఫైల్ రావాలి. వినడానికి సులభం. బిల్డ్ చేసిన సమయం, ఫోల్డర్ పేరు, ఫైళ్లు చదివిన క్రమం లాంటివి బైనరీలోకి జారిపోతుంటాయి. డెబియన్ 2013 నుంచి ఈ పని మీద ఉంది. గో భాష 2023లో 1.21తో తన టూల్‌చైన్‌కు దీన్ని సాధించింది.

2024 మార్చి 29న పోస్ట్‌గ్రెస్ డెవలపర్ ఆండ్రెస్ ఫ్రాయిండ్ బయటపెట్టిన, ఎక్స్‌జెడ్ అనే కంప్రెషన్ సాధనంలోని దొడ్డిదారి ఈ మూడింటినీ పక్కన పెట్టేసింది. ఎస్ఎస్‌హెచ్ (దూరపు సర్వర్‌లోకి వెళ్లే పద్ధతి) లాగిన్‌కు అర సెకను ఎక్కువ పడుతోందెందుకని తవ్వితే అది దొరికింది. 5.6.0, 5.6.1 వెర్షన్ల విడుదల టార్‌బాల్‌లో (సోర్స్ అంతా మూటగట్టిన ఫైల్‌లో), గిట్ రిపాజిటరీలో లేని ఒక బిల్డ్ ఫైల్ ఉంది. డెబ్ లేదా ఆర్‌పీఎం ప్యాకేజీ బిల్డ్ అవుతోందని కనిపెట్టినప్పుడే అది విషాన్ని కలిపేది. సంతకం అసలు నిర్వాహకుల్లో ఒకరిదే. రీప్రొడ్యూసిబుల్‌గా బిల్డ్ చేసినా ఇద్దరికీ ఒకే విషపు ఫైల్ వచ్చేది. టార్‌బాల్ బదులు గిట్ నుంచి నేరుగా బిల్డ్ చేయాలన్న మాటకు ఆ తర్వాతే బలం వచ్చింది.

ఎవరి బిల్డ్ మేలు: డెవలపర్‌దా, డిస్ట్రోదా

డెవలపర్లు తరచూ చెప్పే ఫిర్యాదు: డిస్ట్రోలు మా సాఫ్ట్‌వేర్‌ను పాత వెర్షన్ దగ్గర ఆపేసి, మాకు తెలియని ప్యాచ్‌లు వేసి, బగ్ రిపోర్టులు మాకు పంపిస్తాయి. 2008 మేలో బయటపడిన డెబియన్ ఓపెన్ఎస్ఎస్ఎల్ లోపం వారి చేతిలో గట్టి ఆయుధం. 2006లో డెబియన్ వేసిన ఒక ప్యాచ్ యాదృచ్ఛిక సంఖ్యల యంత్రాంగాన్ని దెబ్బతీసింది. ఒక్కో రకం, పరిమాణం కీకి 32,767 అవకాశాలే మిగిలాయి. రెండేళ్లపాటు ఆ సిస్టమ్‌ల మీద తయారైన కీలన్నీ పారేయాల్సి వచ్చింది. ఎక్స్‌జెడ్ విషం ఎస్ఎస్‌హెచ్ దాకా పాకడానికి దారి ఇచ్చింది కూడా, సర్వీసులను మొదలుపెట్టి నడిపే సిస్టమ్‌డీ కోసం డిస్ట్రోలు ఓపెన్ఎస్ఎస్‌హెచ్‌కు కలిపిన ప్యాచే.

డిస్ట్రోల వైపు జవాబు కూడా తక్కువది కాదు. 2024 జులైలో ఓపెన్ఎస్ఎస్‌హెచ్‌లో 'రెగ్రెషన్' లోపం బయటపడింది. అసలు ప్రాజెక్ట్ దాన్ని 9.8లో సరిచేసింది. డెబియన్ 12 వాడుకరులు 9.8కు వెళ్లాల్సిన అవసరం రాలేదు. అదే 9.2లో ఆ ఒక్క సవరణను మాత్రం కలిపి డెబియన్ ప్యాకేజీ ఇచ్చింది. కాన్ఫిగరేషన్ మారలేదు, పాత ప్రవర్తన మారలేదు, రంధ్రం మూసుకుంది. సర్వర్ నడిపేవాడికి ఇంతకంటే ఏం కావాలి? దీనికో చిన్న మూల్యం ఉంది. వెర్షన్ నంబర్ మాత్రమే చూసే స్కానర్ 9.2ని చూసి 'ప్రమాదం' అని రిపోర్ట్ ఇస్తుంది, అడ్మిన్ ప్రతిసారీ వివరణ రాసుకోవాలి.

ఈ రెండింటి మధ్య పోస్ట్‌గ్రెస్, ఎంజినెక్స్ లాంటివి మంచి దారి వేసుకున్నాయి: డిస్ట్రో పద్ధతిలోనే ప్యాకేజీలు కట్టి, సొంత రిపాజిటరీ నుంచి ఇస్తాయి. దానికి ఏళ్లకేళ్లు కూర్చుని పనిచేసే మనుషులుండాలి. చిన్న ప్రాజెక్టులకు ఆ మనుషులుండరు.

ఆపేసినప్పుడు ఏం జరుగుతుంది

ఖర్చును తక్కువ చేసి చూడలేం. డాకర్ హబ్ కూడా 2020 నవంబరులో ఖాతా లేనివారికి ఆరు గంటలకు 100 పుల్స్ (ఇమేజ్ డౌన్‌లోడ్లు) అని పరిమితి పెట్టాల్సి వచ్చింది. వాడుకరి వైపు నుంచి చూస్తే సోర్స్ నుంచి బిల్డ్ చేసుకోవడమూ ఊరికే రాదు. అన్నీ సోర్స్ నుంచే బిల్డ్ చేసుకోవడానికి పేరుపడ్డ జెంటూ అనే డిస్ట్రో కూడా 2023 డిసెంబరులో బైనరీ ప్యాకేజీలను విస్తృతంగా ఇవ్వడం మొదలుపెట్టింది.

మిన్ఐఓ విషయంలో కంపెనీ హక్కును కాదనలేం. బిల్డ్ చేసి ఇవ్వడం ఆపితే ఏజీపీఎల్ ఉల్లంఘన కాదు. అభ్యంతరం సమయం మీద. యూజర్ అధికారాల పరిమితులను దాటిపోయే ఒక లోపానికి సవరణ వచ్చిన విడుదలకే డాకర్ ఇమేజ్ రాలేదు. 'లేటెస్ట్' అనే ట్యాగ్‌ను, అంటే అన్నిటికంటే కొత్త ఇమేజ్ అనుకుని, పుల్ చేసేవారికి ఎర్రర్ ఏమీ రాదు. పాత ఇమేజే మళ్లీ వస్తుంది, సర్వర్ మొదలవుతుంది, డ్యాష్‌బోర్డ్ పచ్చగా ఉంటుంది, లోపం మాత్రం అలాగే ఉంటుంది. సోర్స్ నుంచి గో ఆదేశంతో నేరుగా బిల్డ్ చేసుకున్నవారికి ఇంకో చిక్కు. విడుదల బిల్డ్‌లో కలిపే వెర్షన్ వివరాలు అలాంటి బైనరీలో చాలాసార్లు ఉండవు, ఏది సవరించినదో ఏది కాదో తర్వాత చూసి చెప్పడం కష్టమవుతుంది.

బిట్నామీ కథ కొంచెం భిన్నంగా నడిచింది. ముందుగా తేదీ చెప్పారు, వాడుకరుల నుంచి ఒత్తిడి రావడంతో పాత క్యాటలాగ్ తొలగింపును ఆగస్టు 28 నుంచి సెప్టెంబరు 29కి జరిపారు. మధ్యలో కొన్ని ఇమేజ్‌లను ఒక్కోసారి 24 గంటలపాటు కావాలనే అందకుండా చేశారు, ఇంకా గమనించనివారికి తెలిసేలా. ఆ గంటల్లో పుల్ విఫలమై ఎందరికో ఇబ్బంది కలిగి ఉంటుంది. అయినా ఆ ఎర్రర్ ద్వారా, తమ సర్వర్ కింద ఉన్న ఇమేజ్‌ను ఎవరు కడుతున్నారో వెతుక్కోవడానికి వాళ్లకు కొన్ని వారాలు దొరికాయి. మిన్ఐఓ 'లేటెస్ట్' ట్యాగ్‌ను పుల్ చేస్తూ ఉండిపోయినవారికి ఆ వ్యవధి దొరకలేదు.